కుక్కపిల్ల టీకాల మీద తలో మాట చెబుతున్నారు, ఎవరి మాటకి బరువుందో ఎలా తేల్చుకోవాలి?

బుజ్జిగాడి అమ్మ (ఉప్పల్):

అందరికీ నమస్తే. మా ఇంట్లో నాలుగున్నర నెలల దేశీ కుక్కపిల్ల ఉంది, వీధిలో దొరికితే తెచ్చుకున్నాం. దానికి ముందు నుంచీ ఒక పిల్లి కూడా ఉంది. టీకాల విషయంలో బుర్ర వేడెక్కిపోతోంది. మేము వెళ్లే క్లినిక్‌లో డాక్టర్ గారు నైన్ ఇన్ వన్ (చాలా టీకాలు కలిపి ఒకే సూదిలో ఇచ్చేది), రేబిస్, కెన్నెల్ కాఫ్ (కుక్కలకి వచ్చే అంటు దగ్గు), కరోనా అన్నీ ప్రతి ఏడాదీ తప్పకుండా వేయించాలంటున్నారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజ్ ప్రకారమైతే రేబిస్ టీకా ఒకసారి వేస్తే ఏడేళ్లు పనిచేస్తుందని అమెరికాలో తేల్చారట, డాక్టర్లు వ్యాపారం కోసం దాన్ని బయటికి రానివ్వడం లేదట. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు ఓవర్ వ్యాక్సినేషన్ గురించి ఒక హోలిస్టిక్ వెట్ సైటు లింకు పంపింది, కింద బారెడు రిఫరెన్సులున్నాయి. ఇన్‌స్టాలో ఒకావిడ పిల్లికి టీకా వేయిస్తే క్యాన్సర్ వచ్చిందని ఏడుస్తూ వీడియో పెట్టింది. మా మామగారేమో ఊళ్లో కుక్కలకి టీకాలు ఎవరు వేయించారమ్మా అంటారు.

వేయించాలా వద్దా అని అడగడం లేదండి. రేబిస్ విషయంలో నాకు సందేహం లేదు, వేయించాను కూడా. వచ్చే ఏడాది నుంచి ఏది ఎన్నాళ్లకోసారి వేయించాలి అనే దగ్గర ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు, అందులో ఏది నమ్మదగినదో నాలాంటి మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? నేను కామర్స్ చదివాను, సైన్స్ పేపర్లు చదివే అలవాటు లేదు. అందరూ డాక్టర్లమనే అంటున్నారు, అందరి దగ్గరా రిఫరెన్సులున్నాయి. దయచేసి మీ వెట్‌నే అడగండి అని రాయకండి, ఆయన చెప్పేది కూడా ఈ గొడవలో ఒక పక్షమే కదా.

తిరుపతి వెట్ పీజీ:

ముందు ఆ ఏడేళ్ల మెసేజ్ సంగతి చూద్దాం, ఎందుకంటే దాని వెనక నిజంగానే ఒక పరిశోధన ఉంది, అసలు చిక్కంతా అక్కడే వస్తుంది.

అమెరికాలో రేబిస్ ఛాలెంజ్ ఫండ్ అని ఒకటి పెట్టారు. జీన్ డాడ్స్ అనే పశువైద్యురాలు, విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఇమ్యునాలజీ ప్రొఫెసర్ రొనాల్డ్ షుల్జ్, ఇంకొందరు కలిసి చందాలు పోగుచేసి చేసిన పని. బూస్టర్ల మధ్య గడువు 5 ఏళ్లకో 7 ఏళ్లకో పెంచాలన్నది వాళ్ల ఉద్దేశం, ఆ మాట వాళ్లే రాసుకున్నారు. 2020లో కెనడియన్ జర్నల్ ఆఫ్ వెటర్నరీ రీసెర్చ్‌లో వచ్చింది, నెట్‌లో ఉచితంగా ఉంది, ఎవరూ దాచలేదు. 65 బీగిల్ కుక్కలు. పిల్లలుగా ఉన్నప్పుడు 12 వారాలకి, 15 వారాలకి కొన్నిటికి టీకా, కొన్నిటికి ఉత్త సెలైన్ ఇచ్చి, రేబిస్ సోకే వీల్లేని చోట ఏళ్ల తరబడి పెంచి, తర్వాత వాటికి అసలు వైరస్ ఎక్కించి చూశారు. మొదటి విడతలో వాడిన వైరస్‌కి తగినంత తీవ్రత లేక ఏమీ తేలలేదు. ఆ తర్వాతి ఫలితాలు ఇవీ: టీకా వేసి 6 ఏళ్ల 7 నెలలు అయిన 5 కుక్కల్లో 4 బతికాయి. 7 ఏళ్ల 1 నెల అయిన 6 కుక్కల్లో 3 బతికాయి. 8 ఏళ్లు అయిన 5 కుక్కల్లో ఒక్కటే బతికింది.

ఇప్పుడు మీ గ్రూపులో మెసేజ్ మళ్లీ చదవండి. ఏడేళ్లు పనిచేస్తుంది అనడానికి వాళ్లు చూపించే పేపర్‌లోనే ఏడేళ్లు దాటాక సగం కుక్కలు చచ్చిపోయాయి, అది కూడా రేబిస్‌తో. అదే పేపర్‌లో టీకా రక్షణ మూడేళ్లకి మించి ఉంటుందని కూడా గట్టిగానే తేలింది, కాబట్టి ఏడాది దాటిన మర్నాటి నుంచి కుక్కకి రక్షణ ఏమీ ఉండదు అని భయపెట్టేవాళ్ల మాటా నిలబడదు. రెండు పక్షాలవాళ్లూ తమకి కావలసిన వాక్యం ఒకటి తీసుకుని మిగతాది వదిలేశారు. రిఫరెన్సులు బారెడున్నాయని బెదిరిపోకండి. వాటిలో ఒక్కదాన్ని తెరిచి, మొదట ఉండే సారాంశం పేరా ఒక్కటి చదవండి చాలు. అందులో ఉన్నదీ సైటువాడు చెప్పిందీ ఒకటేనా అని చూడండి. దానికి సైన్స్ చదివి ఉండనక్కర్లేదు, కామర్స్ చదివినవాళ్లకి బ్యాలెన్స్ షీటు కింద నోట్స్ చదవడం అలవాటే కదా, ఇదీ ఆ పనే.

ఇంకో సంగతి. "టీకాలు" అని గంపగుత్తగా మాట్లాడే ఏ సోర్స్‌నైనా నేను మొదటే కొంచెం దూరం పెడతాను. ఏ టీకా, ఏ జబ్బుకి, ఏ ఊళ్లో అన్నది లేకుండా ఈ చర్చకి అర్థం లేదు. పార్వో, డిస్టెంపర్, అడినో వైరస్ అని కుక్కల ప్రాణాలు తీసే వైరస్ జబ్బులున్నాయి, ఈ మూడిటికీ పిల్లప్పటి డోసులు సరిగ్గా పూర్తయి, తర్వాత బూస్టర్ కూడా పడితే, మూడేళ్లకోసారి కంటే తరచుగా వేయనక్కర్లేదని ప్రపంచ స్థాయి పశువైద్య సంఘం డబ్ల్యూఎస్ఏవీఏ ఎప్పటి నుంచో చెబుతోంది, 2024 గైడ్‌లైన్స్‌లోనూ అదే ఉంది. లెప్టోస్పైరోసిస్ అలా కాదు. అది ఎలుకల మూత్రం నుంచి, వాన నీళ్ల నుంచి వచ్చే బ్యాక్టీరియా జబ్బు, దాని టీకా రక్షణ ఏడాది పాటే ఉంటుందని లెక్క, మనలాంటి చోట ప్రతి ఏడాదీ వేయించాల్సిందే. మీ డాక్టర్ గారు చెప్పే నైన్ ఇన్ వన్‌లో ఈ రెండు రకాలూ కలిసే ఉంటాయి. అందుకే ప్రతి ఏడాదీ అన్న ఆయన మాట సగం నిజం, అక్కర్లేదు అన్న సైటు మాటా సగం నిజం. ఏడాదికోసారి లెప్టో మాత్రమే విడిగా దొరుకుతుందా అని అడిగి చూడండి. ఇక కరోనా అన్నారే, అది మనుషులకి వచ్చిన కోవిడ్ కాదు, కుక్కల్లో పేగులకి వచ్చేది. ఆ టీకాని సిఫారసు చేయడం లేదని 2016లో వచ్చిన డబ్ల్యూఎస్ఏవీఏ గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

ఎడిసన్ తెలుగు:

నేనుండేది న్యూజెర్సీలో, ఇక్కడ రెండు కుక్కల్ని పెంచుతున్నాం. మీ చెల్లెలు పంపిన సైటు లాంటివి ఇక్కడ డాగ్ పార్కులో ఎవరిని కదిపినా చెబుతారు. వాటిని ఇండియాలో కూర్చుని చదివేవాళ్లు ఒక విషయం గమనించాలి. అమెరికాలో కుక్కల నుంచి కుక్కలకి పాకే రకం రేబిస్ లేకుండా పోయిందని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లో ప్రకటించింది. ఇక్కడ రేబిస్ అంటే గబ్బిలాలు, రకూన్లు, స్కంక్‌లు, నక్కలు. చాలా రాష్ట్రాల్లో చట్టం మూడేళ్ల టీకాని ఒప్పుకుంటుంది, కాబట్టి ఇక్కడి గొడవ మూడేళ్లా, ఇంకా ఎక్కువా అని. ఆ పరిస్థితి కూడా దశాబ్దాల పాటు కుక్కలకి టీకాలు వేస్తేనే వచ్చింది. ఆ ఫలితాన్ని అనుభవిస్తూ ఇక్కడొక వెట్ రాసిన బ్లాగు, గల్లీ గల్లీకి కుక్కల గుంపులుండే ఉప్పల్‌కి ఎలా పనికొస్తుంది? ప్రపంచంలో మనుషులకి సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే అని డబ్ల్యూహెచ్ఓ చెబుతుంది. ఆ బ్లాగు రాసినవాళ్ల వీధిలో ఆ 99 శాతం లేదు.

అంకెలు కనబడగానే నమ్మేయకండి, అవి ఎప్పటివో చూడండి. ఇండియాలో ఏటా 20,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని ఇప్పటికీ అందరూ రాస్తారు, అది పాత అంచనా. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు 2022-23లో ఇంటింటికీ తిరిగి సర్వే చేసి వేసిన కొత్త అంచనా 5,726. ఇది విని రేబిస్ భయం పెంచి చెప్పారు అనేవాళ్లుంటారు, నాకైతే ఏటా అయిదు వేల పైచిలుకు మంది, అదీ టీకాతో ఆపగలిగిన జబ్బుతో పోవడం తట్టుకోలేని విషయం. కానీ ఇంకా పాత అంకె మాత్రమే వాడే సోర్స్ ఏదైనా ఉంటే, అది తాజా సమాచారం చూసుకోవడం మానేసిందని నాకు అర్థమవుతుంది, అది టీకాల వైపు మాట్లాడే సోర్స్ అయినా సరే.

ఇంకోటి, ఆ సైటులో పైన షాప్ అనే బటన్ ఉందేమో చూడండి. టీకా విషాన్ని బయటికి పంపే డిటాక్స్ చుక్కలు, హోమియో నోసోడ్లు (జబ్బు పదార్థాన్నే బాగా పలచన చేసి ఇచ్చే మందులు) అమ్ముతూ టీకాలు వద్దని చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది. నోసోడ్లు టీకాకి బదులుగా పనిచేస్తాయనడానికి ఆధారం లేదు.

వైజాగ్ పిల్లుల ఇల్లు:

పిల్లుల క్యాన్సర్ మాట అనగానే అదంతా అబద్ధం, యాంటీ వ్యాక్స్ బ్యాచ్ అని కొట్టిపారేస్తారు చాలామంది. అలా కొట్టిపారేసేవాళ్లని కూడా నమ్మకండి అని చెప్పడానికే రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం. సూది వేసిన చోట పిల్లులకి సార్కోమా అనే క్యాన్సర్ గడ్డ రావడం ఉంది. 1987లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిల్లులకి రేబిస్ టీకా తప్పనిసరి చేశారు, ఆ తర్వాత 1991లో అక్కడి యూనివర్సిటీ పాథాలజిస్టులే, మెడ కింద, భుజాల మధ్య గడ్డలు ఎక్కువగా వస్తున్నాయని గమనించి రాశారు. 1996లో దాని మీద పశువైద్య సంఘాలు కలిసి ఒక టాస్క్‌ఫోర్స్ వేశాయి. సూది ఎక్కడ వేయాలో మార్చారు, కాలి కింది భాగానికి, ఏ టీకా ఏ కాలికో కూడా నిర్ణయించారు, ఒకవేళ గడ్డ వచ్చినా కాలు తీసేసి ప్రాణం కాపాడొచ్చని. అంటే దీన్ని బయటపెట్టింది పశువైద్యులే. అందరూ కుమ్మక్కై దాస్తున్నారు అనేవాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్పరు?

ఇది ఎంత అరుదు అన్నదే అసలు ప్రశ్న. చాలా అంచనాలు 10,000 పిల్లుల్లో ఒకదానికి అటూ ఇటూగా ఉంటాయి, కొన్ని ఇంతకంటే ఎక్కువ చెబుతాయి. ఆ ఇన్‌స్టా వీడియో ఆవిడ బాధ నిజమే అయ్యుంటుంది, ఆవిడ అబద్ధం చెబుతోందని నేను అనను, కానీ ఒక పిల్లి కథ వల్ల మీ పిల్లికి ఎంత ప్రమాదమో తెలియదు. మీకు పనికొచ్చే సమాచారం ఏమిటంటే, సూది వేసిన చోట గడ్డ మూడు నెలలు దాటినా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు మించినా, టీకా వేసిన నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నా వెంటనే పరీక్ష చేయించాలి. ఆ వీడియోలో ఈ ముక్క ఉందా? భయం చెప్పి ఏం చేయాలో చెప్పని సోర్స్ నా దృష్టిలో సగం సోర్స్ కూడా కాదు.

నా కోపం ఇంకొకటుంది. నేను ఇంతకు ముందు వెళ్లిన ఒక క్లినిక్‌లో పిల్లి పుస్తకంలో బ్యాచ్ నంబర్ స్టిక్కర్ అంటించమంటే విసుక్కునేవాళ్లు, సూది ఏ కాలికి వేశారో రాయరు. రేపు ఏదైనా అయితే ఏ టీకా వల్లో ఎలా తెలుస్తుంది? జనం నమ్మకం పోవడానికి వాట్సాప్ ఒక్కటే కారణం కాదు.

బుజ్జిగాడి అమ్మ (ఉప్పల్):

అందరికీ చాలా థాంక్స్. ఆ పేపర్ సారాంశం తెరిచి చూశాను, తిరుపతి గారు చెప్పిన అంకెలే ఉన్నాయి. మా గ్రూపులో పెడితే ఆ మెసేజ్ పెట్టిన ఆయన వెంటనే ఇంకోటి పెట్టారు, ఈ డబ్ల్యూఎస్ఏవీఏ గైడ్‌లైన్స్‌కి డబ్బులిచ్చేది టీకా కంపెనీయే అని. అది నిజమా? నిజమైతే వాళ్లని మాత్రం ఎందుకు నమ్మాలి? రెండోది, మా కింది ఫ్లోర్ వాళ్ల ల్యాబ్ పిల్లకి టీకా వేయించిన వారం లోపే పార్వో వచ్చి చచ్చిపోయింది, నేను కళ్లారా చూశాను. దాన్ని పేపర్‌లో అంకెలతో ఎలా కొట్టిపారేయను?

తిరుపతి వెట్ పీజీ:

నిజమేనండి. ఆ గైడ్‌లైన్స్ రాసే బృందానికి టీకాలు తయారుచేసే ఎంఎస్‌డీ యానిమల్ హెల్త్ స్పాన్సర్‌షిప్ ఉంటూ వచ్చింది, ఆ మాట వాళ్ల పత్రంలోనే రాసి ఉంటుంది. అడగాల్సిన ప్రశ్నే ఇది. నేను చూసేది ఏమిటంటే, ఆ డబ్బు తీసుకున్నాక ఏం చెప్పారు? ఏడాదికోసారి వేసేదాన్ని మూడేళ్లకి తగ్గించమన్నారు. కొన్ని టీకాలు అసలు వద్దన్నారు. కంపెనీ అమ్మకాలు తగ్గే మాటే అది. డబ్బిచ్చినవాడికి నష్టం కలిగించే మాట చెప్పిన సోర్స్‌కి నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇదే కొలత మీ క్లినిక్‌కి పెట్టండి, హోలిస్టిక్ సైటుకీ పెట్టండి. తమకి లాభం లేని మాట ఒక్కటైనా ఎప్పుడైనా చెప్పారా? రేబిస్ ఛాలెంజ్ ఫండ్ వాళ్లని కూడా నేను గౌరవించేది ఇందుకే, వాళ్ల కోరికకి అడ్డం వచ్చిన 8 ఏళ్ల ఫలితాన్ని దాచకుండా అచ్చువేశారు. వాళ్ల పేరు చెప్పుకుని తిరిగే మెసేజ్‌లకి ఆ నిజాయితీ లేదు.

పార్వో సంగతి. మీరు చూసింది కొట్టిపారేయాల్సిన అవసరమే లేదు, జరిగింది నిజం, దానికి చెప్పిన కారణం గురించే ఆలోచించాలి. పార్వో సోకాక లక్షణాలు కనబడటానికి మామూలుగా మూడు రోజుల నుంచి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. వారం లోపే వచ్చిందంటే టీకా నాటికే వైరస్ ఒంట్లో ఉండి ఉండొచ్చు. రెండో కారణం, తల్లిపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్ల రక్తంలో ఉన్నన్నాళ్లూ టీకాని పనిచేయనివ్వవు. ఆ యాంటీబాడీలు ఒక్కో పిల్లలో ఒక్కో సమయానికి తగ్గిపోతాయి, అందుకే 6-8 వారాలకి మొదలుపెట్టి 16 వారాలు నిండే దాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ పోతారు. 8 వారాలకి ఒక్కటి వేయించి అయిపోయింది అనుకునే ఇళ్లు చాలా ఎక్కువ. మూడోది చలవ. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కరెంటు పోయే ఫ్రిజ్‌లో పెట్టిన సీసా మీద నాకూ నమ్మకం లేదు. ఆ మూడిటిలో ఏదైందో బయటినుంచి చెప్పలేం, కానీ టీకా వల్ల పార్వో వచ్చింది అనే ముందు ఈ మూడూ అడగాలి.

2022లో కేరళ పత్తనంతిట్టలో 12 ఏళ్ల పాప మూడు డోసులు పడ్డాక కూడా రేబిస్‌తో చనిపోయినప్పుడు ఇలాగే అయింది. టీకా నాసిరకం అని రాష్ట్రమంతా గొడవ. ఆ టీకా, దాంతో పాటు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) కసౌలీలోని సెంట్రల్ డ్రగ్స్ లాబొరేటరీలో పరీక్షిస్తే నాణ్యత సరిగ్గానే ఉందని వచ్చింది. పాపకి కాటు కంటి దగ్గర పడింది, అక్కడినుంచి మెదడు చాలా దగ్గర. అది మనుషుల టీకా సంగతి, అయినా కుక్కల టీకాలు పనిచేయవు అనే మెసేజ్‌లలో ఇప్పటికీ ఆ వార్తే అతికించి తిప్పుతున్నారు.

డేటా మనిషి (బెంగళూరు):

నా పని డేటా అనాలిసిస్, పశువైద్యం తెలియదు, అంకెల వరకే చెబుతాను. దుష్ప్రభావాల మీద తరచుగా చూపించే పేపర్ ఒకటుంది, అమెరికాలో ఒక పెద్ద క్లినిక్ సంస్థ రికార్డులు తీసుకుని 2005లో జావ్మా అనే పశువైద్య పత్రికలో వేశారు. 12 లక్షల 26 వేల పైచిలుకు కుక్కలు, టీకా వేసిన మూడు రోజుల్లో ఏదో ఒక సమస్య నమోదైనవి 4,678. అంటే 10,000 కుక్కలకి 38 చొప్పున. టీకాలు ప్రమాదం అనేవాళ్లు 4,678 చెప్పి 12 లక్షలు చెప్పరు. అస్సలు ప్రమాదం లేదు అనేవాళ్లు ఇదే పేపర్‌లో ఉన్న ఇంకో సంగతి చెప్పరు: చిన్న సైజు కుక్కల్లో, ఒకే రోజు ఎక్కువ టీకాలు వేసినప్పుడు సమస్యలు ఎక్కువ. మూడు రోజుల తర్వాత వచ్చేవి ఈ లెక్కలో లేవు. ఇవన్నీ కలిపి చెప్పిన సోర్స్ దొరికితే దాన్ని వదలకండి.

దీన్ని పట్టుకుని చిన్న కుక్కకి సగం డోసు వేయించమనేవాళ్లున్నారు. డోసు బరువుని బట్టి లెక్కకట్టేది కాదు, గైడ్‌లైన్స్‌లో సగం డోసు వేయొద్దని స్పష్టంగా ఉంది. కావాలంటే రెండు టీకాల మధ్య కొన్ని వారాలు ఎడం పెట్టమని అడగొచ్చు.

హెడ్‌లైన్ల గురించి కూడా. 2023లో అమెరికాలో 2,200 మంది కుక్కల యజమానుల్ని అడిగిన సర్వే వ్యాక్సిన్ అనే పత్రికలో వచ్చింది, సగం మందికి పైగా టీకాలకి వ్యతిరేకం అని వార్తలు రాశారు. 53 శాతం అన్నది, టీకాలు సురక్షితం కావు, పనిచేయవు, అవసరం లేదు అనే మూడిటిలో ఏదో ఒకటైనా ఒప్పుకున్నవాళ్ల లెక్క. సందేహం ఉండటం వేరు, టీకా మానేయడం వేరు. అదే సర్వేలో కుక్కలకి టీకా వల్ల ఆటిజం వస్తుందేమో అన్నవాళ్లూ ఉన్నారు. 2018లోనే బ్రిటిష్ వెటర్నరీ అసోసియేషన్ దానికి శాస్త్రీయ ఆధారం ఏదీ లేదని చెప్పింది. ఆ భయానికి మూలమైన 1998 నాటి పేపర్‌ని (పిల్లల టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టింది అదే) లాన్సెట్ పత్రిక 2010లోనే వెనక్కి తీసుకుంది.

గుంటూరు రామ్:

పెద్ద చర్చ జరుగుతోంది, చిన్న మాటలు రెండు. జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం) రోజు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఖర్చు గురించి వెనకాడేవాళ్లకి చెప్పండి. మీ మామగారికి కూడా చెప్పండమ్మా, ఊళ్లో కుక్కలకి ఎవరూ వేయించకే పిచ్చికుక్క కాట్లతో ఊళ్లలో మనుషులు పోయారు, మా తాతల కాలం వాళ్లని అడిగితే పేర్లతో సహా చెబుతారు. రెండోది, టీకాలు వేయించిన కుక్కే కదా అని కరిచినా ఊరుకునేవాళ్లున్నారు. పెంపుడు కుక్క కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్ల ధార కింద కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

బుజ్జిగాడి అమ్మ (ఉప్పల్):

ఈ సాయంత్రం క్లినిక్‌కి వెళ్లొచ్చాను. నైన్ ఇన్ వన్‌లో ఏమేమున్నాయో విడివిడిగా రాసివ్వమన్నాను, రాసిచ్చారు, బ్యాచ్ స్టిక్కర్లు కూడా అంటించారు. కరోనా ఎందుకని అడిగితే డాక్టర్ గారు కాసేపు ఆలోచించి, సరే అది వద్దులెండి అన్నారు. పార్వో, డిస్టెంపర్ మూడేళ్లకోసారి అంటే ఒప్పుకోలేదు, ఇక్కడ వీధికుక్కల తాకిడి ఎక్కువ కదా అన్నారు. లెప్టో విడిగా దొరుకుతుందేమో కనుక్కుని చెబుతానన్నారు. వీధికుక్కల తాకిడి ఎక్కువైతే పార్వో, డిస్టెంపర్ టీకా రక్షణ త్వరగా తగ్గిపోతుందా, తిరుపతి గారూ?

తిరుపతి వెట్ పీజీ:

లేదండి. చుట్టూ వైరస్ ఎక్కువుంటే పిల్లప్పటి డోసులు ఒక్కటి కూడా తప్పకూడదు, చివరిది 16 వారాలు నిండాకే పడాలి, ఆరు నెలలు దాటాక ఇంకో డోసు పడాలి. అవి పడ్డ కుక్కలో వచ్చిన రక్షణ వీధిలో ఎన్ని కుక్కలున్నా త్వరగా తగ్గదు. ఆయనకి ఇంకా అనుమానం ఉంటే పార్వో, డిస్టెంపర్‌కి యాంటీబాడీ టైటర్ పరీక్ష (రక్తంలో యాంటీబాడీలు ఎంతున్నాయో చూసేది) ఉంది, హైదరాబాద్‌లో ఎక్కడ చేస్తారో ఆయన్నే అడగండి. రేబిస్‌కి మాత్రం టైటర్ చూసి టీకా మానేయొద్దు, లేబుల్ మీద ఉన్న గడువు ప్రకారం వేయించండి. బుజ్జిగాడికి 16 వారాల తర్వాత పార్వో డోసు పడిందా లేదా, పుస్తకం చూసి చెప్పండి.